ఆ కరకర కంప్లయింటు కాదు

తిరుప్పూరు బనియన్ల కంపెనీల్లో ఉద్యోగాలు వదిలేసి వచ్చిన ఇద్దరు స్నేహితులు ఈమధ్య మా కోయంబత్తూరులో పాత రికార్డు ప్లేయర్లు బాగుచేసే షాపు తెరిచారు. తెరిచిన రోజు నన్ను పిలిచి, శాలువా కప్పి, "మా పనికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. నడివేసవిలో శాలువా కప్పించుకున్నవాడికి నాలుగు మాటలు కాదు, సొంత పేరు కూడా గుర్తుండదు. "బాగా చేయండి" అని చెప్పి, కేసరి తిని వచ్చేశాను. ఇంట్లో ఫ్యాను కింద కూచున్నాక గుర్తొచ్చినవి రాస్తున్నాను.

నా పేరు రంగసామి. జీవితమంతా రేడియోలు, ఆంప్లిఫయర్లు, రికార్డు ప్లేయర్లు బాగుచేశాను. బడి ఎనిమిదో తరగతితో ఆగింది. ఆపింది నేనా, హెడ్మాస్టరా అనే విషయంలో మా ఇద్దరికీ చివరిదాకా ఏకాభిప్రాయం కుదరలేదు. చదివింది తమిళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ తెలుగు అక్షరాలు నా పాత కస్టమరు జోసెఫ్ అన్న ఇంట్లో ఉన్న కీర్తనల పుస్తకం చూసి నేర్చుకున్నవి. కనుక తప్పులుంటే నాతో కాదు, పైవాడితో చెప్పుకోండి.

సాల్డరింగు కడ్డీ ఎలా పట్టుకోవాలో నేను చెప్పను. అది ఫోనులో చూసి నేర్చుకుంటారు, చెయ్యి కాల్చుకుని ఖాయం చేసుకుంటారు. నేను చెప్పేది ఒక కస్టమరు గురించి, ఆయన దగ్గరున్న ఒక రికార్డు గురించి. ఆ రికార్డు విషయంలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది నవ్వుకునే తప్పు. రెండోదానివల్ల ఒక మనిషి నాలుగేళ్ళు తన పాటకు దూరమయ్యాడు, పాటకు మాత్రమే కాదు.

మొదలాళి చీటీలు

నేను పనిచేసిన షాపు మొదలాళి, అంటే యజమాని, అళగిరి నాయుడు గారు. మనిషి సన్నం, గొంతు లావు. ఆయన మీటరు కన్నా కాగితాన్ని ఎక్కువ నమ్మేవారు. సెట్టు రాగానే ఒక చీటీ మీద కంప్లయింటు రాయాలి. రాసేటప్పుడు మన తెలివి వాడకూడదు. కస్టమరు నోటినుంచి ఏ మాట వస్తే ఆ మాటే రాయాలి. ఒక ముసలమ్మ "నా రేడియో అలిగింది" అంటే, చీటీ మీద "రేడియో అలిగింది" అనే రాసి సెట్టుకు కట్టాం. పని అయ్యాక ఆ చీటీని కమ్మికి గుచ్చి గోడకు వేలాడదీసేవారు. ఒక్కో కస్టమరుకు ఒక్కో కమ్మి. మా గోడ చూసినవాళ్ళు ఎండు చేపల కొట్టు అనుకునేవాళ్ళు.

"ఎందుకు మొదలాళీ, 'వాల్వు పోయింది' అని రాస్తే సరిపోదా?" అని అడిగాను చేరిన కొత్తలో.

"వాల్వు పోయిందని నువ్వు చెప్తా ఉండావు. అలిగిందని ఆమె చెప్తా ఉండాది. సెట్టు ఎవురిది?"

"ఆమెది."

"అట్లయితే నోరు మూసుకొని రాయి."

ఇది మంచి పద్ధతే. కానీ నాకు దానిలోని మంచి అర్థమయ్యేసరికి జుట్టు సగం పోయింది.

నేను గొంతు పిసికిన పాట

జోసెఫ్ అన్న మా వీధికి అవతలి ఫౌండ్రీలో పనిచేసేవాడు. మోటారు పంపులకు పోతపోసిన ఇనుమును సుత్తితో కొట్టి, గ్రైండరుతో అరగదీసి నున్నచేసే సెక్షను. రోజంతా ఇనుము మీద ఇనుము. ఆదివారం చర్చిలో గిటారు. ఆయన దగ్గర ఒక సెకండ్‌హ్యాండు రికార్డు ప్లేయరు, దాంతోపాటు ఒకే ఒక ఇంగ్లీషు ఎల్పీ ఉండేవి.

ఆ ఎల్పీ ఇంగ్లండు కుర్రాళ్ళు నలుగురి బ్యాండుది. పేరు రాయను. రాస్తే మీలో సగంమంది ఫోను చేసి ఆ బ్యాండు చరిత్ర నాకే చెబుతారు, మిగతా సగం ఆ రికార్డు ఇస్తావా అని అడుగుతారు. ఇంతమటుకు చెబుతాను. అది వచ్చాక గిటారు వాయించేవాళ్ళు రెండు రకాలయ్యారు: అది విన్నవాళ్ళు, విననట్టు నటిస్తూ దాన్నే వాయించేవాళ్ళు. మా ఊరి కాలేజీ బ్యాండ్లు, కల్యాణమంటపం ఆర్కెస్ట్రాలు, సినిమాలో విలను కారు దిగేటప్పుడు మోగే గిటారు, అందరూ ఆ రికార్డుకు బాకీపడ్డవాళ్ళే.

ఫౌండ్రీలో కొత్త మెషీను బిగించడానికి వచ్చిన ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన, జోసెఫ్ అన్న ఇంట్లో మామిడికాయ ఊరుగాయ తిని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం అడిగాడట. ఊరికి పోయేటప్పుడు ఒక జాడీ ఊరుగాయ పట్టుకుపోయి, ఈ రికార్డు ఇచ్చిపోయాడు. ఊరుగాయ పెట్టింది జోసెఫ్ అన్న భార్య రోసమ్మ వదిన. పెరియకుళం మామిడితోటల పక్కన పుట్టిన మనిషి. అందుకని ఆ రికార్డు తనదేనని ఆమె వాదన.

నేను పనిలో చేరి ఆరేడేళ్ళయింది. చెయ్యి తిరిగింది, దానికన్నా ముందే తల తిరిగింది. అప్పుడు జోసెఫ్ అన్న ప్లేయరు మొదటిసారి మా షాపుకొచ్చింది. చీటీ మీద ఆయన మాట: "బెల్టు జారతా ఉండాది, పాట నిద్రపోతా ఉండాది."

బెల్టు మార్చడం అరగంట పని. మార్చి, ఆయన వదిలిపోయిన రికార్డే పెట్టి చూశాను. గిటారు మోగింది. మోగడమా అది? గుడ్డ చింపినట్టు, గరిటెతో మూకుడు గోకినట్టు కరకర. మా గోడ మీద వందలాది చీటీల్లో జనం మొత్తుకునేది ఈ కరకర గురించే. నా బతుకే కరకర తీసేయడం. ఊరుకుంటానా? ముల్లు మార్చాను. పోలేదు. స్పీకరు విప్పి అతికించాను. పోలేదు. రెండురోజులు దానిమీదే పడి, చివరికి పైస్వరాలను కత్తిరించేలా ఒక కెపాసిటరు అదనంగా వేశాను. కరకర పోయింది. గిటారు నూనె రాసినట్టు నున్నగా అయింది.

జోసెఫ్ అన్న వచ్చాడు. నేను పెళ్ళికొడుకును చూపించినట్టు సెట్టు చూపించాను. ఆయన ఒక పాట పూర్తిగా విన్నాడు. ముఖం చూస్తే ఎవరో పోయినట్టుంది.

"ఏం చేస్తివిరా?"

"కరకర తీసేసినా అన్నా. రెండు దినాలు పట్టింది."

"వాని గొంతు పిసికేసినావు కదరా! ఆ కరకర కంప్లయింటు కాదు. అదే పాట."

మొదలాళి లోపలినుంచి వచ్చారు. చీటీ చదివారు. నన్ను చూశారు.

"దీంట్లో కరకర అని యాడ ఉండాది?"

"లేదు మొదలాళీ."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే. నాకే వినపడింది."

"నీకు వినపడినవన్నీ రిపేరు చేస్తే ఊళ్ళో పెళ్ళాలను, మొగుళ్ళను గూడా తెచ్చి ఈ బల్ల మీద పడేస్తారురా," అన్నారు. తరవాత శిక్ష వేశారు: సెట్టు మామూలు స్థితికి తెచ్చి, ఆదివారం జోసెఫ్ ఇంటికి పోయి, ఆ కరకర ఎందుకుందో తెలుసుకునేదాకా కూచోవాలి.

ఆదివారం శిక్ష

చర్చి ముగిశాక పోయాను. ఫౌండ్రీ లైను ఇళ్ళు. ముందు గదిలో మంచం, ప్లేయరు, ఏసు పటం. రోసమ్మ వదిన లోపలినుంచి అడిగింది: "గొంతు పిసికే తంబి వచ్చినాడా? కాఫీయా, టీయా?"

జోసెఫ్ అన్న రికార్డు పెట్టాడు. "అమెరికాలో పత్తిచేలల్లో చాకిరీ చేసిన నల్లవాళ్ళ పాటరా ఇది. ఈ ఇంగ్లీషు పిలకాయలు దాన్ని రికార్డుల్లో విని నేర్చుకొని, కరెంటు పెట్టి, సత్తం పెంచి వాయించినారు." సత్తం అంటే మా వైపు శబ్దం.

"పత్తిదా? అట్లయితే మనదేనన్నా. మా యమ్మ మిల్లులో చేరినకాడినుంచి దూదే మింగతా ఉండాది."

"మింగింది సరే, పాడిందా?"

"తిట్టింది."

"అదీ ఇదీ ఒకటే," అన్నాడు.

కరకర సంగతి ఇలా చెప్పాడు. ఆంప్లిఫయరు మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు కావాలనే దానిమీద పెడతారు. అది మోయలేక అరుస్తుంది. ఆ అరుపే వాళ్ళకు కావాలి.

"కావాలని చెడగొట్టుకుంటారా? ఆ సెట్టు ఏ షాపుకు తీసుకుపోతారన్నా?"

"నీ షాపుకు మాత్రం కాదు," అంది లోపలినుంచి వదిన.

తరవాత ఆయన రెండోవైపు తిప్పి, చివరిదైన మూడో పాటకు ముందు నిశ్శబ్దం దగ్గర ముల్లు దించాడు. వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. ముందు సన్నగా ఆంప్లిఫయరు మూలుగు. తరవాత, పాట మొదలుకాకముందు, తీగ మీద వేలు జారిన చిన్న కీచు. దోమ కన్నా చిన్నది. అది రాగానే జోసెఫ్ అన్న చూపుడువేలు పైకి లేచింది.

"వినపడిందా? అక్కడ ఒక మనిషి ఉండాడు. మిగతాదంతా మిషను. అది వినపడితే నీ రిపేరు సరి. లేకుంటే నువ్వేం చేసినా వేస్టు."

ఆ రోజునుంచి నేను ఏ సెట్టు బాగుచేసినా పరీక్ష ఆ కీచే. ఎవరి సెట్టయినా సరే, జోసెఫ్ అన్న దగ్గర ఆ రికార్డు అడిగి తెచ్చుకుని, రెండోవైపు మూడో పాటకు ముందు ముల్లు దించేవాణ్ణి. పూజగది ప్రారంభోత్సవానికి స్పీకర్లు కట్టినా, ముందు ఈ ఇంగ్లీషు వాడి వేలు జారాల్సిందే. ప్రతి ఏడూ క్రిస్మసుకు ముందు జోసెఫ్ అన్న సెట్టు సర్వీసుకు వచ్చేది. పని అయ్యాక ఇంటికి తీసుకుపోయి, ముల్లు దించి, ఆయన వేలు లేచేదాకా చూసి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. చీటీ మీద ఆయన మాట ఎప్పుడూ ఒకటే: "దుమ్ము తుడువు, వేరే ఏమీ ముట్టుకోవద్దు."

ఊడిన తీగ

మొదలాళి పోయారు. షాపు నేను చూసుకున్నాను. జోసెఫ్ అన్న ఫౌండ్రీనుంచి రిటైరై చాలా కాలమైంది. అప్పుడు చీటీల్లో మాట మారింది. "సత్తం మొద్దుబారింది" అన్నాడు ఒకసారి. నేను ముల్లు మార్చాను. ఆరునెలలకు, "పాట దూరంగా పోయింది" అన్నాడు. తీగలు మార్చాను. సెట్టు నా చెవికి బంగారంలా పలుకుతోంది. అయినా కస్టమరు మాటే మాట కదా.

ఆ సంవత్సరం క్రిస్మసుకు ముందు సెట్టు ఇంటికి తీసుకుపోయి పెట్టాను. తొందరలో ఒక తెలివైన పని చేశాను. రెండు స్పీకరు పెట్టెల్లోనూ పైస్వరాలు పలికే చిన్న స్పీకర్ల తీగలు బిగించడం మరిచాను. ముల్లు దించగానే నాకు తెలిసిపోయింది. కీచు లేదు, కరకరలో పదునూ లేదు. అచ్చం నేను గొంతు పిసికిన నాటి గిటారు. అయ్యో అని లేవబోయాను.

జోసెఫ్ అన్న చూపుడువేలు పైకి లేచింది. "ఇప్పుడు సూపర్‌గా ఉండాదిరా రంగా," అన్నాడు.

నేను కూచుండిపోయాను. ఆయన వేలు లేపింది కీచు విని కాదు. ఇన్నేళ్ళ అలవాటులో అది ఎప్పుడు వస్తుందో లెక్క తెలుసు, ఆ లెక్కకు లేపాడు. అంతకాలం ఇనుము మీద ఇనుము కొట్టిన సుత్తి, పైస్వరాలన్నిటినీ ఆయన చెవినుంచి కోసేసింది. చెడింది సెట్టు కాదు.

చెప్పాలి కదా. నోరు ఊరుకోని మనిషినని ఊరంతా పేరు. ఆరోజు నోరు ఊరుకుంది. వినడం నేర్పినవాడికి నీకు వినపడటం లేదని ఎలా చెప్పను? వెనకవైపు వంగి, దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ తీగలు బిగించి, కాఫీ తాగి వచ్చేశాను.

ఆ పిరికితనాన్ని నేను మర్యాద అనుకున్నాను. నాలుగేళ్ళు అనుకున్నాను. చీటీ వస్తుంది: "దుప్పటి కప్పి పాడినట్టుండాది." నేను సెట్టు షాపులో వారంరోజులు ఊరికే పెట్టుకుని, దుమ్ము తుడిచి, "పెద్ద పని పడిందన్నా" అని ఇచ్చేవాణ్ణి. ఆయన వేలు లేపేవాడు. నేను తల ఊపేవాణ్ణి. మా ఇద్దరి నాటకానికి టిక్కెట్టు పెట్టి ఉంటే హౌస్‌ఫుల్.

ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు ఇక్కడే చెబుతున్నాను. లేని చోట రోగం వెతకడం కుర్రతనం, నవ్వి వదిలేస్తారు. ఉన్న రోగం తెలిసి సెట్టు తుడుచుకుంటూ కూచోవడం పెద్దతనంలో వచ్చే తప్పు. దాన్ని ఎవరూ పట్టుకోరు. అందుకే అది చెడ్డది.

రోసమ్మ వదిన కంప్లయింటు

ఒకరోజు మధ్యాహ్నం రోసమ్మ వదిన ఒక్కతే షాపుకొచ్చింది. చేతిలో సెట్టు లేదు.

"కంప్లయింటు ఉండాది తంబీ, రాసుకో."

నవ్వుతూ చీటీ తీశాను. ఆమె నవ్వలేదు.

"మీ అన్న నాతో మాట్లాడటం మానేసినాడు. కాఫీయా టీయా అని అడిగితే టైము చెప్తాడు. చర్చికి పోదామా అంటే ఉప్పు సరిగానే ఉండాది అంటాడు. మొదట ఎగతాళి అనుకొంటి. ఇప్పుడు ఏదీ చెప్పడు, పాట పెట్టుకొని గోడ చూస్తా కూచుంటాడు. నీ దగ్గిర బాగనే మాట్లాడతాడంట కదా. నేనేం తప్పు చేసినానో నీకేమైనా చెప్పినాడా?"

నా దగ్గర బాగా మాట్లాడేవాడా? నిజమే. నేను ఆయన ముఖానికెదురుగా కూచుని, సెట్టు మోగుతుండగా గట్టిగా మాట్లాడేవాణ్ణి. ఆమె వంటింట్లో పొయ్యివైపు తిరిగి మాట్లాడేది.

"వదినా, ఆయనకు నీమీద కోపం లేదు. చెవి పోయింది."

"ఎప్పుడు?"

"నాలుగేండ్లాయ."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగేండ్లాయ."

ఆమె నన్ను చూసిన చూపు ముందు మొదలాళి తిట్లన్నీ జోలపాటలు. "యేసప్పా! నాలుగేండ్లుగా ఆ మనిషికి నేను చేదైపోయినానని ఏడస్తా ఉండాను కదరా," అంది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, "ఆదివారం వచ్చి నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు. అసలు వినపడదు గదా," అంది. ఆ కడపటి మాటకు ఆమెకే నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఆదివారం జోసెఫ్ అన్న కమ్మి గోడనుంచి దించి తీసుకుపోయాను. చివరి నాలుగైదేళ్ళ చీటీలు మంచం మీద వరసగా పరిచాను. సత్తం మొద్దుబారింది. పాట దూరంగా పోయింది. దుప్పటి కప్పినట్టుండాది. పక్కింట్లో పాడతా ఉండారు.

"ఇవన్నీ నా మాటలే," అన్నాడు.

"సెట్టు అదేనన్నా. ఏమీ మార్చలే. నాలుగేండ్లుగా దుమ్ము తుడిచి ఇస్తా ఉండాను. ఆ కీచు నీకు వినపడటం లేదు."

నేను చెవి గురించి చెప్పిన మాటకు ఆయనకు కోపం రాలేదు. ఇంకో మాటకు వచ్చింది.

"నేను వేలు లేపినప్పుడల్లా నువ్వు తల ఊపినావే."

"ఊపినా."

"లేచి పో," అన్నాడు. పోయాను.

చివరి చీటీ

ఆ క్రిస్మసుకు సెట్టు రాలేదు. మోకాళ్ళ నొప్పులతో నేను షాపు మూసేశాను. మిగిలిన కమ్ములు ఇంటికి తెచ్చుకున్నాను. ఎండాకాలం మొదట్లో రోసమ్మ వదిన ఫోను చేసింది. "మీ అన్న రమ్మన్నాడు. చీటీ పుస్తకం తెచ్చుకోమన్నాడు."

పోయేసరికి జోసెఫ్ అన్న కుడిచెవి వెనక చిన్న మిషను. చిక్కుడుగింజంత ఉంది. నన్ను చూసి పలకరించలేదు, కుర్చీ చూపించాడు. డాక్టరు ఇంకా ముందే వచ్చి ఉంటే చెవి తొందరగా అలవాటు పడేదన్నాడని వదిన చెప్పింది. చెప్పేటప్పుడు నన్నే చూసింది. చూడాల్సిందే.

"పెట్టు," అన్నాడు.

మొదట మొదటివైపు పెట్టాను. ఆయన ముఖం చిట్లించాడు. "కరకరమంటా ఉండాది. పాత కరకర కాదు. ఇది రేకు డబ్బాలో రాళ్ళు."

పాత జోసెఫ్ అన్న అయితే ఏమనేవాడో నాకు తెలుసు. నేనూ ఆ మాటే అనబోయి ఆగాను.

"ఇది కంప్లయింటేనన్నా. ఈసారి నిజంగానే కంప్లయింటు. ఆ మిషను మాటల కోసం చేసింది, గిటారు పడితే తట్టుకోలేదు. ఇచ్చినవాళ్ళ దగ్గిరికి పోయి సరిచేయిద్దాం. నేనూ వస్తా."

రెండోవైపు తిప్పాను. మూడో పాటకు ముందు ముల్లు దించాను. మూలుగు వచ్చింది. కీచు వచ్చింది. ఆయన వేలు మోకాలి మీదే ఉంది. పాట మొదలైంది.

"వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది."

"నాకు రాలేదు."

నేను తల ఊపలేదు. పుస్తకం తీసి, ఆయన చూస్తుండగా రాశాను: "వేలు జారే సత్తం నాకు రాలేదు." ఆయన కమ్మికున్న చీటీలన్నిట్లో "నాకు" అనే మాట ఉన్నది ఇదొక్కటే. ఆయన తీసుకుని చదివి, ఫరవాలేదన్నట్టు తిరిగి ఇచ్చాడు.

వంటింట్లోనుంచి, పొయ్యివైపు తిరిగే, వదిన మామూలు గొంతుతో అడిగింది: "కాఫీయా, టీయా?"

"కాఫీ," అన్నాడు జోసెఫ్ అన్న. "వీడికి చక్కెర వేయొద్దు."

లోపల గిన్నె చప్పుడు ఆగిపోయింది. వదిన గరిటె చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చి నిలబడింది. ఆయన్నే చూస్తోంది. పాట అయిపోయి ముల్లు రికార్డు చివర టక్కుటక్కుమని తిరుగుతోంది. తీద్దామని నేను లేవలేదు.

"ఏమే, అట్ల చూస్తా ఉండావు?" అన్నాడాయన.

వదిన వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది. పోయి, అక్కడినుంచే, ఈసారి ఇంకా మెల్లగా అడిగింది: "స్ట్రాంగా, లైటా?"